శిల్పి కనోవా

మన ఊళ్ళలో పాత గుడికి వెళ్ళినప్పుడు ముక్కు చెదిరిన ద్వారపాలకుడు, చేయి విరిగిన నర్తకి, తల లేని నంది మీకు కనిపించే ఉంటాయి. భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదని పెద్దలు దాన్ని ఒక మూలకు చేర్చి ఉంచుతారు. ఆ విరిగిన చేతిని ఈనాటి శిల్పి చేత మళ్ళీ చెక్కించి అతికిస్తే ఎలా ఉంటుంది? బొమ్మ నిండుగా కనిపిస్తుంది. కాని ఆ చేయి పాత శిల్పి చెక్కింది కాదు గదా! మొదట ఆ చేయి అభయమిచ్చే చేయో, పద్మం పట్టిన చేయో మనకు ఎలా తెలుస్తుంది? రెండు వందల ఏళ్ళ క్రితం ఐరోపా ఖండంలో ఇదే ప్రశ్న రాజులను, శిల్పులను, పండితులను తికమక పెట్టింది. తన ఉలిని పక్కన పెట్టి ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన శిల్పి ఆంటోనియో కనోవా.

ఇటలీ దేశానికి ఉత్తరాన, ఆల్ప్స్ పర్వతాల పాదాల దగ్గర పొసాన్యో అనే చిన్న గ్రామం ఉంది. ఆనాడు అది వెనిస్ గణరాజ్యంలో భాగం. ఆ గ్రామంలో 1757వ సంవత్సరం నవంబరు 1వ తేదీన కనోవా జన్మించాడు. వాళ్ళది రాతిపనివారి కుటుంబం. కనోవాకు నాలుగేళ్ళు నిండకముందే తండ్రి చనిపోయాడు. తల్లి మరొకరిని వివాహం చేసుకొని పక్క ఊరికి వెళ్ళిపోయింది. పిల్లవాడు తాత పసీనో దగ్గర పెరిగాడు. తాత రాళ్ళు చెక్కడంలో నేర్పరి. కోపం మాత్రం కాస్త ఎక్కువ. ఆయన చేతి కిందనే మనుమడు సుత్తి పట్టడం, రాతిపొర గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. తోటి పిల్లలు వీధిలో ఆడుకునే వయస్సులో ఈ బాలుడు రాతిపొడిలో కూర్చొని ఉలి నూరేవాడు.

అతని బాల్యం గురించి అక్కడివాళ్ళు ఒక కథ చెప్పుకుంటారు. ఒక ధనవంతుని ఇంట విందు జరుగుతున్నదట. బల్ల మీద అలంకారానికి ఉంచవలసిన వస్తువు సమయానికి అందలేదట. అప్పుడు పనివారి వెంట వచ్చిన ఈ పిల్లవాడు వెన్నముద్దతో సింహాన్ని చేసి పెట్టాడట. గొప్పవారి బాల్యం చుట్టూ ఇటువంటి కథలు అల్లుకోవడం ఏ దేశంలోనైనా ఉన్నదే. వెన్న సింహం సంగతి ఎలా ఉన్నా, వెనిస్ ప్రభువులలో ఒకడైన జొవాన్నీ ఫాలియేర్ ఈ బాలుని చేతిపనిని గమనించి ఆదరించిన మాట నిజం. ఆయన సహాయంతో కనోవా ఒక శిల్పి దగ్గర శిష్యుడుగా చేరాడు. తరువాత గురువుతో పాటు వెనిస్ నగరానికి వెళ్ళాడు.

వెనిస్‌లో ఫర్సెట్టి అనే ప్రభువుకు ఒక పెద్ద భవనం ఉండేది. రోమ్‌లోని ప్రాచీన విగ్రహాలకు ప్లాస్టరుతో పోతలు పోయించి ఆయన అందులో నిలిపాడు. శిల్పం నేర్చుకునేవారెవరైనా లోపలికి వెళ్ళి, చూసి, మట్టితో వాటి నకళ్ళు చేసుకోవచ్చు. కనోవా రోమ్‌కు వెళ్ళకముందే రోమ్ విగ్రహాలను చూసింది అక్కడే. పగలు గురువు దగ్గర పని. తీరిక దొరికితే ఆ తెల్లని బొమ్మల మధ్య అభ్యాసం. ఇరవై రెండేళ్ళు నిండేసరికి ఆయన డెడాలస్, ఇకారస్ అనే తండ్రీకొడుకుల శిల్పం పూర్తిచేశాడు. రెక్కలు కట్టుకొని ఎగరబోయే కొడుకు వీపున ముసలి తండ్రి రెక్క బిగిస్తున్న దృశ్యం అది. దానికి ముట్టిన నూరు బంగారు నాణేలే ఆయనకు దారి ఖర్చయ్యాయి. 1779 నవంబరులో కనోవా రోమ్ నగరంలో అడుగుపెట్టాడు.

ఆనాటి రోమ్ సంగతి కొంచెం తెలుసుకోవాలి. పొలం దున్నినా, పునాది తవ్వినా అక్కడ పాలరాతి విగ్రహాలు బయటపడేవి. పదిహేను వందల ఏళ్ళకు పైగా మట్టిలో ఉన్న ఆ బొమ్మలకు చేతులో, కాళ్ళో, తలలో విరిగిపోయి ఉండేవి. ఇంగ్లండు నుంచి, జర్మనీ నుంచి వచ్చే ప్రభువులు వాటిని కొని తమ మేడలలో అలంకరించుకునేవారు. వారికి నిండు బొమ్మ కావాలి. అందుచేత విరిగిన విగ్రహాలను బాగుచేయడం రోమ్‌లో పెద్ద వృత్తి అయింది. ఆ వృత్తిలో అందరికన్న పేరు పొందినవాడు బర్తొలొమేయో కవచేప్పి. ఆయన పనిశాలలో ఎందరో పనివారు ఉండేవారు. ఆయన తాను బాగుచేసిన విగ్రహాల బొమ్మలతో 1768 మొదలు మూడు సంపుటాలు అచ్చు వేయించాడు.

ఆ పని ఎలా చేసేవారంటే, విరిగినచోట ఎగుడుదిగుడుగా ఉన్న రాతిని చాలామంది పనివారు చదునుగా కోసివేసేవారు. మధ్యలో బెజ్జం తొలిచి ఇనుపకడ్డీ దించేవారు. అదే రంగు పాలరాతితో కొత్త చేయి చెక్కి ఆ కడ్డీకి తగిలించి అతికేవారు. కొత్తరాయి, పాతరాయి ఒకే తీరుగా కనిపించడానికి విగ్రహమంతా రుద్ది మెరుగుపెట్టేవారు. ఒక్కొక్కప్పుడు ఒక విగ్రహం మొండేనికి మరొక విగ్రహం తల కూడా తగిలించేవారు. చూసేవారికి అంతా బాగానే ఉండేది. కాని చదును చేసినప్పుడు పోయిన పాతరాయి మళ్ళీ రాదు. రుద్దినప్పుడు పాత శిల్పి ఉలిగుర్తులు పోతాయి. లోపలి ఇనుము చెమ్మకు తుప్పుపట్టి ఉబ్బి, కొంతకాలానికి విగ్రహాన్ని లోపలినుంచే పగలదీస్తుంది. ఆ కడ్డీలను ఊడదీసి, తుప్పుపట్టని లోహంతో మార్చడం ఈనాటి మ్యూజియం పనివారికి ఒక పెద్ద శ్రమ.

కనోవా ఈ వృత్తిలోకి దిగలేదు. దిగితే డబ్బుకు లోటు ఉండేది కాదు. వెనిస్ రాయబారి జిరొలామో జులియన్ ఆయనకు తన భవనంలో చోటిచ్చి, ఒక పాలరాతి దిమ్మను కూడా ఇచ్చాడు. ఆ దిమ్మతో థీసియస్ అనే వీరుణ్ణి చెక్కాడు. ఎద్దుతల రాక్షసునితో పోరాడుతున్నట్లు కాక, పోరాటం ముగిసి, చచ్చిన రాక్షసుని మీద అలసి కూర్చున్నట్లు చెక్కాడు. దాన్ని చూసినవారు ఇది ఏదో ప్రాచీన విగ్రహానికి నకలు అనుకొని అసలు ఎక్కడుందని వెదికారట. ఆ తరువాత ఇద్దరు పోపుల సమాధులకు శిల్పాలు చెక్కే అవకాశం ఆయనకు వచ్చింది. ముప్పై అయిదేళ్ళు నిండేసరికి ఐరోపాలో ఆయన పేరు తెలియని రాజాస్థానం లేదు.

ఆయన పనిచేసే పద్ధతి ప్రత్యేకమైనది. మొదట జానెడు మట్టిబొమ్మ చేసుకునేవాడు. తరువాత నిలువెత్తు మట్టిబొమ్మ. దాని మీద మూస తీసి ప్లాస్టరు పోత పోసేవాడు. ఆ ప్లాస్టరు బొమ్మ ఒంటినిండా చిన్న చిన్న కంచుమేకులు గుచ్చేవారు. ఒక మేకుకూ మరొక మేకుకూ మధ్య దూరం కొలిచి, ఆ కొలతల ప్రకారం శిష్యులు పాలరాతిని తొలిచేవారు. బొమ్మ రూపు తేలిన తరువాత కనోవా తానే ఉలి పట్టి పైపొర పూర్తిచేసేవాడు. రాత్రివేళ కొవ్వొత్తి పట్టుకొని, ఆ వెలుగు వాలుగా పడినప్పుడు కనిపించే మిట్టపల్లాలను సవరించేవాడు. చర్మపు నునుపు ఆ రాతిలోకి రావడానికి ఈ చివరిపనే కారణం. ఎంతమంది శిష్యులున్నా ఆ పనిని ఆయన ఇతరులకు వదలలేదు.

ఇంతలో ఇటలీ మీద ఒక పెద్ద ఆపద వచ్చిపడింది. 1796లో నెపోలియన్ ఫ్రెంచి సైన్యంతో ఇటలీలో ప్రవేశించాడు. మరుసటి ఏడాది వెనిస్ గణరాజ్యం కూలిపోయింది. పోప్ ఓడిపోయి 1797 ఫిబ్రవరిలో తొలెంతీనో అనే చోట సంధిపత్రం మీద సంతకం పెట్టించాడు. ఆ ఒప్పందాల ప్రకారం నూరు కళాఖండాలు, అయిదువందల వ్రాతప్రతులు ఫ్రాన్సుకు ఇచ్చివేయాలి. ఏవి తీసుకోవాలో ఫ్రెంచివారే ఎంచుకున్నారు. వాటికన్ ముంగిలిలోని అపొల్లో, పాములు చుట్టుకొన్న లావొకోన్, పదహారుగురు పసిపిల్లలు ఒంటిమీద ఆడుకుంటున్న నైలు నదీదేవుడు, దానికి జంట అయిన టైబరు నదీదేవుడు, ఇవన్నీ పీఠాలు దిగి బండ్లెక్కాయి. 1798 జూలైలో పారిస్ వీధులలో వాటిలో కొన్నిటిని ఊరేగించారు. వాటికన్‌లో ఖాళీ పీఠాలు మిగిలాయి.

ఆ ఏడాది రోమ్‌ను ఫ్రెంచి సైన్యం ఆక్రమించుకోగా కనోవా తన పల్లెకు వెళ్ళిపోయి కొంతకాలం చిత్రాలు వేసుకుంటూ గడిపాడు. తిరిగి వచ్చిన తరువాత పెర్సియస్ అనే వీరుని విగ్రహం చెక్కాడు. పోప్ ఏడవ పయస్ దానిని కొని, అపొల్లో నిలిచిన చోట నిలబెట్టించాడు. రోమ్ ప్రజలు ఆ విగ్రహానికి ఓదార్చేది అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. బతికి ఉన్న శిల్పి చెక్కిన బొమ్మ ప్రాచీన విగ్రహాల మధ్య నిలవడం గొప్ప గౌరవం. అయితే పోయిన అపొల్లోకు తన బొమ్మ బదులు కాగలదని కనోవా ఎన్నడూ అనుకోలేదు.

1802 ఆగస్టులో పోప్ ఆయనను తన రాజ్యంలోని పురావస్తువులకు, కళలకు ప్రధాన పర్యవేక్షకుడుగా నియమించాడు. సుమారు మూడు వందల ఏళ్ళ క్రితం చిత్రకారుడు రఫాయేలు నిర్వహించిన బాధ్యత వంటిది ఇది. అక్టోబరు 1న ఒక శాసనం వెలువడింది. దాని ప్రకారం ప్రాచీన శిల్పాలను అనుమతి లేకుండా దేశం దాటించరాదు. సొంత ఇంట్లో ఉన్న విగ్రహాలనైనా అధికారులకు చెప్పి జాబితాలో వ్రాయించాలి. ఉన్నవాటిని కాపాడుకోవాలనే తలంపుతో వచ్చిన శాసనాలలో ఇది ముఖ్యమైనది. ప్రాచీన వస్తువులు సంపాదించి వాటికన్‌లో ఒక పొడుగాటి వసారా నిండా అమర్చే పనిని కూడా కనోవా తీసుకున్నాడు. పోప్ ఇంటిపేరుతో దాన్ని కియరమోంతి మ్యూజియం అంటారు. దాని గోడల పైభాగాన బొమ్మలు వేయడానికి పేద యువ చిత్రకారులను పెట్టి, వారి కూలి తానే ఇచ్చాడు.

ఆ రోజులలోనే రోమ్‌లో ఒక మరమ్మతు జరిగింది. భూకంపానికి కదిలిన కొలోసియం గోడ తూర్పు వైపున కూలిపోయే స్థితికి వచ్చింది. కమానులలోని రాళ్ళు జారి సగంలో వేలాడుతున్నాయి. కొందరు ఆ భాగాన్ని పడగొడితే పోతుందన్నారు. రఫాయేలే స్టెర్న్ అనే వాస్తుశిల్పి 1806, 1807 సంవత్సరాలలో ఇటుకలతో పెద్ద ఊతగోడ కట్టించాడు. జారిన రాళ్ళను వెనక్కు నెట్టలేదు. జారినవి జారినట్లే ఉండగా సందులను ఇటుకతో నింపాడు. నేటికీ ఆ రాళ్ళు పడబోతూ ఆగిపోయినట్లే కనిపిస్తాయి. ఆ కట్టడాన్ని చూసినప్పుడు నాకు కొత్తగా కట్టినదానికంటె ఇదే ఎక్కువ నిజాయితీగా తోస్తుంది.

1803లో ఎల్గిన్ ప్రభువు రోమ్‌కు వచ్చాడు. ఆయన టర్కీ సుల్తాను కొలువులో ఇంగ్లండు రాయబారిగా పనిచేసి తిరిగి వెళుతున్నాడు. గ్రీసులోని ఏథెన్సు నగరంలో పార్థినాన్ ఆలయం మీది శిల్పాలను ఆయన మనుషులు ఊడదీసి ఓడలకెక్కించారు. వాటిలో చాలావాటికి తలలు లేవు, చేతులు లేవు. వాటిని బాగుచేయించి తన దేశంలో ప్రదర్శించాలని ఆయన కోరిక. ఐరోపాలోకెల్లా గొప్ప శిల్పి చేతిలో పెడితే వాటి విలువ పెరుగుతుంది గదా! ఆయన కనోవాను అడిగాడు. కనోవా ఆ శిల్పాల చిత్రాలు చూశాడు. ఒప్పుకుంటే డబ్బు, కీర్తి రెండూ దక్కుతాయి. కాని ఆయన ఒప్పుకోలేదు. అంతటి శిల్పుల చేతిపని మీద తానుగాని, మరొకరుగాని ఉలి పెట్టడం అపచారమని చెప్పి తిప్పి పంపాడు.

ఈనాడు మనకిది సాధారణమైన మాటగా తోస్తుంది. ఆనాడు కాదు. విరిగిన విగ్రహాన్ని విరిగినట్లే ప్రదర్శించడం అప్పటికి వింత. కనోవాకు సమకాలికుడు, గొప్ప శిల్పి అయిన థోర్వాల్డ్‌సెన్ 1816 తరువాత ఈజీనా దీవి ఆలయ శిల్పాలకు తలలు, చేతులు చెక్కి అతికాడు. అవి జర్మనీలోని మ్యూనిక్ మ్యూజియంలో నిలిచాయి. 1960ల్లో అక్కడి పండితులు ఆ కొత్త భాగాలను తీసివేశారు. లావొకోన్ సంగతి ఇంకా విచిత్రం. 1506లో రోమ్‌లో ఒక ద్రాక్షతోటలో అది దొరికినప్పుడు తండ్రికి కుడిచేయి లేదు. తరువాతి శిల్పులు చేతిని నిటారుగా పైకి చాచినట్లు చెక్కి అతికారు. మూడు వందల ఏళ్ళకు పైగా లోకమంతా లావొకోన్ చేయి పైకి చాచే ఉన్నదనుకుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రోమ్‌లోనే ఒక రాతిపనివాని దగ్గర అసలు చేయి దొరికింది. అది మోచేతి దగ్గర మడిచి తల వెనక్కు వంగి ఉంది! 1957-60 సంవత్సరాల మధ్య ఆ చేతిని విగ్రహానికి తిరిగి అమర్చారు.

అయితే కనోవా అన్ని మరమ్మతులకూ విరోధి కాడు. ఆయన పర్యవేక్షణలో వాటికన్‌కు చేరిన చిన్న విగ్రహాలకు, శిలాఫలకాలకు అవసరమైన అతుకులు వేయించేవారు. మామూలు పనికి ఒక న్యాయం, మహాశిల్పానికి ఒక న్యాయమా అని మీరు అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. ఆనాటికి ఆ హద్దు ఇంకా స్థిరపడలేదు. ఆయన జీవితం చివరి రోజులలో, రోమ్‌లోని టైటస్ విజయద్వారాన్ని విప్పి మళ్ళీ నిలబెట్టినప్పుడు, పోయిన భాగాలకు పాలరాయి కాక ట్రావర్టైన్ అనే ముదురురంగు రాయి వాడారు. పాత చెక్కడాలు లేనిచోట కొత్త చెక్కడాలు పెట్టలేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఏది పాతదో, ఏది కొత్తదో ఎవరికైనా తెలిసిపోతుంది. మరమ్మతు చేసేవారికి తరువాత ఇదే పద్ధతి దారి చూపింది.

నెపోలియన్‌కు కనోవా శిల్పమంటే ఇష్టం. 1802లో ఆయనను పారిస్‌కు పిలిపించి తన ముఖం నమూనా తీయించుకున్నాడు. ఆ సందర్భంలో రోమ్ నుంచి తెచ్చిన విగ్రహాల గురించి కనోవా ఆయన ఎదుటనే బాధ వెలిబుచ్చాడు. చక్రవర్తుల ముందు నోరు మెదపడానికి సేనానులే జంకే కాలమది. 1810లో మళ్ళీ పిలిచి పారిస్‌లోనే ఉండిపొమ్మన్నా కనోవా ఒప్పుకోలేదు. రోమ్‌లో కళలకు, తవ్వకాలకు సొమ్ము మాత్రం మంజూరు చేయించుకొని వచ్చాడు. నెపోలియన్‌ను యుద్ధదేవతగా చూపుతూ 3.45 మీటర్ల ఎత్తు విగ్రహం కూడా చెక్కాడు. బట్టలు లేకుండా మల్లుని వంటి దేహంతో ఉన్న ఆ బొమ్మ నెపోలియన్‌కు నచ్చలేదు. ఎవరికీ చూపవద్దన్నాడు. నెపోలియన్ ఓడిపోయిన తరువాత 1816లో ఇంగ్లండు ప్రభుత్వం దాన్ని కొని, ఆయనను ఓడించిన వెల్లింగ్టన్ ప్రభువుకు బహుమతిగా ఇచ్చింది. లండన్‌లో ఆ ప్రభువు ఇంటి మెట్లవద్ద అది నేటికీ నిలిచి ఉంది. ఆ ఇల్లు ఇప్పుడు ప్రజలు చూడగల మ్యూజియం.

1815 జూన్‌లో వాటర్లూ యుద్ధంలో నెపోలియన్ ఓడిపోగానే, పోయిన విగ్రహాలను తీసుకురమ్మని పోప్ కనోవాను పారిస్‌కు పంపాడు. ఆయనకు అప్పటికి 57 ఏళ్ళు. రాజకీయం తెలియనివాడు. వెంట తల్లి రెండవ వివాహం వల్ల కలిగిన తమ్ముడు సర్తోరి మాత్రం ఉన్నాడు. ఆగస్టు చివర పారిస్ చేరేసరికి అక్కడ ఎదురైనవన్నీ చిక్కులే. కత్తితో దోచుకున్నవి అయితే తిరిగి అడగవచ్చు. ఇవి సంధిపత్రం మీద పోప్ పక్షాన సంతకం పెట్టి ఇచ్చినవి గనుక తమవేనని ఫ్రెంచివారు వాదించారు. మెడమీద కత్తి పెట్టి పెట్టించిన సంతకం ఒప్పందం కాదన్నది కనోవా పక్షం. లూవ్ర్ మ్యూజియం అధికారి డెనోన్ ఒక్క బొమ్మనూ కదలనివ్వనని పట్టుబట్టాడు. ఫ్రెంచి మంత్రి తల్లెరాండ్ అయితే ఈయన రాయబారి కాదు, పెట్టెలు కట్టే మనిషి అని వేళాకోళం చేశాడంటారు. ఫ్రెంచి భాషలో ఆ రెండు మాటలూ దగ్గరగా వినిపిస్తాయి.

వారాలు గడిచాయి. చివరకు ఇంగ్లండు మంత్రి కాసిల్‌రే, సేనాని వెల్లింగ్టన్ ఆయన పక్షాన నిలిచారు. ఎల్గిన్ ప్రభువు దగ్గర ఒకప్పుడు పనిచేసిన విలియం హామిల్టన్ అనే అధికారి అందరికన్న ఎక్కువ సాయపడ్డాడు. సెప్టెంబరు చివర, సైనికుల కాపలాలో, విగ్రహాలను దించడం మొదలుపెట్టారు. పారిస్ జనం గుమిగూడి కోపంతో చూస్తూ ఉండేవారు. కూలీలు దొరకడం కష్టమైంది. కనోవా తానే నిలబడి ఒక్కొక్క విగ్రహానికి గడ్డి, గుడ్డలు చుట్టించి పెట్టెలలో దించాడు. పెట్టెలు కట్టే మనిషి అన్న ఎగతాళి మాట ఆ విధంగా నిజమే అయింది!

అన్నీ రాలేదు. మోయడానికి అసాధ్యమైనవి, ఫ్రెంచి రాజుకు నొప్పి కలగకుండా వదిలినవి, ఊళ్ళలో చెల్లాచెదురై దొరకనివి అక్కడే ఉండిపోయాయి. నైలు దేవుడు తిరిగి వచ్చాడు. జంట అయిన టైబరు దేవుడు లూవ్ర్‌లోనే మిగిలాడు. 1512, 1513 సంవత్సరాలలో రోమ్‌లో ఒకే చోట దొరికిన ఆ ఇద్దరూ ఈనాటికీ వేర్వేరు దేశాలలో ఉన్నారు. బోర్గేసే కుటుంబం విగ్రహాలు నెపోలియన్ కొన్నవి కాబట్టి వాటిని అడిగే వీలే లేకపోయింది. ఆల్ప్స్ పర్వతాల మీదుగా వచ్చిన బండ్లు 1816 జనవరి 4న రోమ్ చేరాయి. అపొల్లో, లావొకోన్ తమ పీఠాలెక్కాయి. పెర్సియస్ కూడా అదే ముంగిలిలో ఉండిపోయాడు.

రోమ్‌కు తిరిగి వచ్చేముందు కనోవా లండన్ వెళ్ళాడు. పన్నెండేళ్ళ క్రితం తాను తాకనన్న ఎల్గిన్ శిల్పాలను కళ్ళారా చూశాడు. రాతిలో నిజమైన మాంసం, నిజమైన ప్రకృతి కనిపిస్తున్నాయని మురిసిపోయి, తాను నేర్చిందంతా మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలనిపించిందన్నాడట. ఎల్గిన్‌కు మెచ్చుకోలుగా ఉత్తరం వ్రాశాడు. మరుసటి ఏడాది ఇంగ్లండు ప్రభుత్వం ఆ శిల్పాలను 35,000 పౌన్లకు కొని బ్రిటిష్ మ్యూజియంలో ఉంచింది. ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. ఒక దేశం నుంచి తరలిపోయిన శిల్పాలను తిరిగి తేవడానికి అన్ని పాట్లు పడిన మనిషి, మరొక దేశం నుంచి తరలిపోయిన వాటిని చూసి ఆనందించడమే గాని, తిరిగి పంపవలసిందని అనలేదు. ఆ శిల్పాల కోసం గ్రీసుదేశం ఈనాటికీ అడుగుతూనే ఉంది. మన అమరావతి స్తూపం శిల్పాలు కూడా అదే మ్యూజియంలో ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చినవి 1859లో లండన్‌కు వెళ్ళాయి. తరువాతి తవ్వకాలలో దొరికినవి ఎన్నో చెన్నైలోని ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. తమిళనాడులో ఉన్నవారు వాటిని సులభంగా చూడవచ్చు.

పోప్ ఆయనకు ఇస్కియా ప్రభువు అనే బిరుదు, ఏటా మూడువేల స్కూదీల భృతి ఇచ్చాడు. కనోవా ఆ సొమ్మును తాను వాడుకోలేదు. కళాసంస్థలకు, బీద కళాకారులకు పంచిపెట్టాడు. తిరిగి వచ్చిన విగ్రహాలకు చోటు చాలనందున వాటికన్‌లో కొత్త శాల కట్టవలసి వచ్చింది. కొలోసియం గోడను నిలబెట్టిన స్టెర్న్ 1817లో దానిని మొదలుపెట్టాడు. 1822లో అది తెరిచారు. నైలు దేవుడు, పదహారుగురు పిల్లలు ఇప్పుడు ఉన్నది అక్కడే. కనోవా కాలంలో మ్యూజియం చూడాలంటే పోప్ అంతఃపురం గుండానే వెళ్ళాలి. ప్రజల కోసం నగరం వైపు గోడను తొలిచి ప్రత్యేక ద్వారం 1932లో పెట్టారు. దాని పైన మికెలాంజెలో, రఫాయేలుల విగ్రహాలు కూర్చున్నాయి. లోపల జుసెప్పే మోమో కట్టిన సుడిమెట్లు ఉన్నాయి. ఎక్కేవారు, దిగేవారు ఒకరికొకరు ఎదురుపడకుండా అవి రెండు చుట్లుగా తిరుగుతాయి. 2000 సంవత్సరంలో పక్కనే పెద్ద ద్వారం తెరిచిన తరువాత, ఈ పాత ద్వారం జనం బయటికి వెళ్ళే దారి అయింది.

చివరి రోజులలో కనోవా మనసు సొంత ఊరి మీదికి పోయింది. పొసాన్యోలో పాత ప్రార్థనామందిరం శిథిలమైతే, కొత్తది తన సొమ్ముతో కట్టించడానికి పూనుకొని 1819 జూలై 11న పునాదిరాయి వేశాడు. ముందు స్తంభాల వరుస గ్రీసు ఆలయంలా, వెనుక గుమ్మటం రోమ్‌లోని పాంథియన్‌లా ఉంటుంది. అది పూర్తికాకముందే, 1822 అక్టోబరు 13న వెనిస్‌లో ఆయన కన్నుమూశాడు. దేహాన్ని ఆ మందిరంలో సమాధి చేశారు. గుండెను మాత్రం వెనిస్‌లోని ఫ్రారీ చర్చిలో, ఆయన మరొకరి కోసం గీసిన నమూనా ప్రకారం శిష్యులు కట్టిన పిరమిడు ఆకారపు సమాధిలో ఉంచారు.

తమ్ముడు సర్తోరి, రోమ్ పనిశాలలోని ప్లాస్టరు బొమ్మలన్నిటిని పొసాన్యోకు తెప్పించి, వాటి కోసం 1834-36లో ఒక పెద్ద శాల కట్టించాడు. కంచుమేకులు గుచ్చినవి గుచ్చినట్లే ఆ బొమ్మలు అక్కడ ఉన్నాయి. వాటి విలువ తరువాత తెలిసింది. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రానికి కనోవా జార్జి వాషింగ్టన్ విగ్రహం చెక్కి ఇచ్చాడు. 1831లో అక్కడి శాసనసభ భవనం కాలిపోయి విగ్రహం నాశనమైంది. పొసాన్యోలో మిగిలిన ప్లాస్టరు బొమ్మను చూసి చెక్కించిన నకలును 1970లో తిరిగి అక్కడ నిలిపారు.

ఆ శాలకు కూడా దెబ్బ తప్పలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ ఊరు సరిహద్దు పోరాటానికి దగ్గరలో ఉంది. 1917 డిసెంబరులో ఫిరంగి గుండ్లు శాల మీద పడ్డాయి. చేతులు, తలలు, వేళ్ళు విరిగి నేలరాలాయి. యుద్ధం ముగిసిన తరువాత స్టెఫానో, సీరో సెరఫీన్ అనే తండ్రీకొడుకులు ఏళ్ళ తరబడి కూర్చొని ముక్క ముక్క ఏరి అతికారు. 2020 జూలైలో ఒక యాత్రికుడు ఫోటో కోసం పవులీనా ప్లాస్టరు బొమ్మ మీద ఆనుకొని కూర్చోగా దాని కాలివేళ్ళు విరిగాయి. ఈసారి పని తేలిక. ఆ వేళ్ళు ఎలా ఉండేవో చూపే ఫోటోలు, కొలతలు ముందే ఉన్నాయి; ముక్కలు కూడా దొరికాయి.